కోవెల కాదు పెద్దమ్మా, కోవెన్

ఈసారి ఆషాఢంలో హైదరాబాద్ వెళ్తున్నానని చెప్పగానే నా మేనల్లుడు ఒకే ఒక్కటి అడిగాడు. "మామయ్యా, ఫోను వద్దు, బూట్లు వద్దు. కోవెన్ వాళ్ల మొదటి రికార్డు దొరికితే తీసుకురా." జుమ్మేరాత్ బజారులో బేరమాడి కొన్న పాత రికార్డు ప్లేయరు వాడి గదిలో ఉంది. కొత్తగా అచ్చువేసిన ఒక ప్రతిని సంపాదించి, చీరల మడతల మధ్య దాచి, విరగకుండా మారేడ్‌పల్లిలోని మా అక్క ఇంటికి చేర్చాను.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. కోవెన్ ఒక అమెరికా రాక్ బృందం. షికాగో నుంచి పైకి వచ్చిన ఈ బృందం 1969లో మెర్క్యురీ సంస్థ ద్వారా విడుదల చేసిన ఆల్బం పేరు "విచ్‌క్రాఫ్ట్ డిస్ట్రాయ్స్ మైండ్స్ అండ్ రీప్స్ సోల్స్". మంత్రవిద్య మనసులను ధ్వంసం చేసి ఆత్మలను కోతకోసుకుపోతుందని దాని అర్థం. పేరు ఇంత భారీగా ఉన్నా పాటలు మాత్రం ఆ కాలపు సైకెడెలిక్ రాక్, అంటే మత్తులో తేలుతున్నట్టుండే రాక్ పాటలే. ఆర్గాన్, గిటారు, వాటి మీద జింక్స్ డాసన్ అనే యువతి గొంతు. గంట కొట్టినట్టు ఉంటుంది ఆ గొంతు. మొదటి పాట పేరు "బ్లాక్ సబ్బాత్", బేస్ గిటారు వాయించినవాడి పేరు ఆజ్ ఆస్‌బోర్న్. 1970 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ నుంచి అదే పేరుతో ఒక బృందం, ఆజీ ఆస్‌బోర్న్ అనే గాయకుడితో, మొదటి ఆల్బం తెచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. ఈ కాకతాళీయం మీద అభిమానులు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటారు. నాకు దానిమీద ఆసక్తి లేదు.

అసలు గొడవ చివరి భాగంతో వచ్చింది. అది పాట కాదు. క్రైస్తవ ఆరాధనను తలకిందులు చేసి, దేవుడి స్థానంలో సైతానును పెట్టి, పదమూడు నిమిషాల పాటు సాగే పూజాతంతు. రికార్డు వచ్చిన 1969లోనే కాలిఫోర్నియాలో చార్లెస్ మాన్సన్ ముఠా హత్యలు జరిగాయి. 1970 మార్చి నెల ఎస్క్వైర్ అనే అమెరికా పత్రిక కాలిఫోర్నియాలోని క్షుద్రపూజల మీద రాస్తూ ఈ రికార్డునూ ప్రస్తావించింది. దాంతో సంస్థ దాన్ని బజారు నుంచి తప్పించింది. తప్పించినదాన్ని వెతుక్కోవడం మనిషి బలహీనత కాబట్టి, అది ఇవాళ సేకర్తల అపురూప వస్తువు.

దీని గురించి మాట్లాడేవారిలో నాకు రెండు జట్లు కనబడ్డాయి. ఆ చివరి పదమూడు నిమిషాలు నిజంగా వెన్ను వణికిస్తాయనేది ఒక జట్టు. అది చవకబారు నాటకం, వింటే నవ్వొస్తుంది, పాటలు మాత్రం అద్భుతం అనేది రెండో జట్టు. పాతికేళ్లుగా నేను రెండో జట్టులో ఉన్నాను. లష్కర్ బోనాల ఆదివారం సాయంత్రం మా అక్క ఇంట్లో కూర్చున్నాక ఆ జట్టులోంచి బయటికి వచ్చాను. మొదటి జట్టులోకి మాత్రం వెళ్లలేదు.

ఆ రోజు మధ్యాహ్నమే ఉజ్జయినీ మహంకాళి గుడి దారిలో తోపులాటకు తట్టుకుని, బోనం సమర్పించి, ఇల్లు చేరాం. ఇల్లంతా పసుపు, వేపాకు వాసన. మేనల్లుడు ఆగలేక రికార్డు పెట్టేశాడు. గోడవైపు తిరిగి పడుకున్న పెద్దమ్మ, ఎనభై రెండేళ్ల మనిషి, "ఎవరి పాటరా అది?" అంది. కోవెన్ అన్నాడు వాడు. "ఏ కోవెల?" అంది. అందరం నవ్వాం. కోవెల కాదు పెద్దమ్మా, మంత్రగత్తెల గుంపును అలా అంటారు అని నేను విడమరిచాను.

ఆమె నవ్వలేదు. లేచి కూర్చుంది. "ఆ మాట తమకు తామే పెట్టుకున్నారా?" అంది. మెదక్ వైపు తన పుట్టినూళ్లో, తన చిన్నప్పుడు, ఒక వితంతువుకు బాణామతి వచ్చని ఎవరో అన్నారట. అన్నది ఒక్కరే, నమ్మింది ఊరంతా. ఆమె పళ్లు ఊడగొట్టారు. మంత్రం చదవాలంటే పళ్లు ఉండాలి కదా అని. "ఆ పేరు పడకుండా ఉంటే చాలని మేము మొక్కుకునేవాళ్లం. వీళ్లు అట్టమీద అచ్చేసుకున్నారా!" అని మళ్లీ పడుకుంది. మంత్రగత్తె కథను ముచ్చటగా పాడుతున్న డాసన్ గొంతు, ఆ మాట తర్వాత, నాకు అదివరకటిలా వినిపించలేదు. తెలంగాణ పల్లెల్లో ఇలాంటి అనుమానంతో మనుషులను చంపిన వార్తలు మనం ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. మంత్రగత్తె అని పిలిపించుకోవడం సరదా కావాలంటే, ముందు ఆ మాటతో ఎవరూ మన తలుపు కొట్టని చోట పుట్టి ఉండాలి.

మా బావగారి స్పందన వేరే రకం. ఆయన ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం నాటకాలు వింటూ పెరిగిన మనిషి. పూజాతంతు మొదలవగానే కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు. కాసేపటికి, "పురోహితుడి వేషం వేసినతను కాగితం చూసి చదువుతున్నాడు. ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో తెలిసిపోతోంది" అని తీర్పు చెప్పారు. పాముచెవుల విమర్శ అంటే ఇదే కాబోలు! మర్నాడు టీవీలో రంగం చూస్తున్నప్పుడు, పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతున్న ఆమె గొంతు హాలంతా నిండగానే, ఆయన నావైపు ఒక చూపు చూశారు. మాట అవసరం లేకపోయింది.

మా అక్క పెద్దకోడలు క్రైస్తవురాలు. సికింద్రాబాద్‌లోని చర్చిలో గాయక బృందంలో పాడుతుంది. మొదటివైపు అంతా ఆమే ఎక్కువ ఆనందించింది. ఆ గొంతు ఏ స్థాయికి వెళ్తోందో వేలితో గాలిలో చూపించింది. చివరి భాగం మొదలైన నిమిషానికి ఆమె చేయి ఆగిపోయింది. అందులో ఆమెకు కొత్త మాట ఒక్కటీ లేదు. ప్రతి ఆదివారం తాను వినే తంతే, తిరగేసి. "మామయ్యగారూ, పాటలు బాగున్నాయి. ఇది మాత్రం ఆపించండి" అంది మెల్లగా. భయపడిందని నేను అనను. ఇంట్లో పెద్దల ఫొటో మీద ఎవరైనా ఉమ్మితే కలిగేది భయం కాదు కదా. మేనల్లుడు వెంటనే ముల్లు ఎత్తేశాడు.

అక్కడ నాకు తట్టింది. 1969లో ఆ రికార్డు ఎవరిని ఉద్దేశించి తయారైందో ఆ శ్రోత మా గదిలో ఆ అమ్మాయి ఒక్కతే. మిగతా మేమంతా పక్కింటి గొడవ కిటికీలోంచి వింటున్నవాళ్లం. తిరగేయడానికి మా దగ్గర అసలు ప్రతి లేదు కనుక మాకు నవ్వొచ్చింది. ఆ నవ్వును నేను ఇన్నేళ్లూ రుచి అనుకున్నాను.

ఇది మన ప్రవాస తెలుగు సంఘం పత్రికలో ఎందుకంటారా? మా అబ్బాయికి పన్నెండేళ్లప్పుడు, పోతరాజు వీడియో ఒకటి ఫోనులో స్నేహితులకు చూపించాడు. ఒళ్లంతా పసుపు, నొసట కుంకుమ, చేతిలో కొరడా, కాళ్లకు గజ్జెలు. ఏ సినిమాలో రాక్షసుడని వాళ్లు అడిగారట. అమ్మవారి తమ్ముడని చెప్పడానికి సిగ్గుపడి, అవునని తల ఊపాడు. వాణ్ణి తిట్టాను. తిట్టే అర్హత నాకు ఉందా అని ఇప్పుడు అనుమానం. మేముండే ఊళ్లో ఏటా బోనాలు చేస్తాం. పట్టుచీరలు, బోనం కుండలు, ఫొటోలు అన్నీ ఉంటాయి. పోతరాజు మాత్రం ఉండడు. పిల్లలు జడుసుకుంటారని, వచ్చిన అతిథులు ఏమనుకుంటారోనని కమిటీలో ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. రెండుసార్లు నేనే అన్నాను. అవే పిల్లలు అక్టోబరు చివరి రాత్రి హాలోవీన్ అంటూ ముఖాలకు నెత్తురు రంగు పూసుకుని వీధివీధీ తిరుగుతుంటే మాత్రం టార్చిలైటు పట్టుకుని వెనకాల నడుస్తాం. వచ్చే ఆషాఢానికి పోతరాజును పిలవాలని కమిటీకి ఇప్పటికే ఉత్తరం రాశాను. అతిథులు నవ్వితే నవ్వనివ్వండి. ఎందుకు నవ్వుతున్నారో ఇప్పుడు నాకు తెలుసు.

రికార్డు మారేడ్‌పల్లిలోనే ఉంది. మొన్న ఫోను చేస్తే వెనకాల డాసన్ పాడుతోంది, దానికి పైస్థాయిలో ఇంకో గొంతు జత కలుస్తోంది. వదిన వంటింట్లోంచి పాడుతోందని మేనల్లుడు చెప్పాడు. చివరి భాగం దగ్గరికి వచ్చేసరికి ఫోను పక్కన పెట్టి, ముల్లు ఎత్తడానికి పరుగెత్తాడు.