శశిరేఖకి సున్నా మార్కులు

మా అపార్ట్‌మెంట్‌లో వినాయకచవితికి మండపం దగ్గర రోజుకో పోటీ పెడతారు. ముగ్గులు, అంత్యాక్షరి, మ్యూజికల్ చైర్స్ (ఇందులో ఏటా ఎవరిదో ఒకరి నడుం పడుతుంది). ఈసారి మూడో రోజు భారతం క్విజ్ అని రాసి, ప్రశ్నలడిగే పని నాకు అంటగట్టారు. తప్పు నాదే. ఆ మధ్య కరెంటు పోయి సెక్రటరీగారూ నేనూ లిఫ్టులో పావుగంట ఇరుక్కుపోయినప్పుడు, ఏం మాట్లాడాలో తోచక "నేను భారతం మొత్తం చదివానండీ" అన్నాను. చదివిన మాట నిజమే. వచనంలో, అక్కడక్కడ వదిలేసి. శాంతిపర్వం మొత్తం చదివినవాళ్లు ఉంటే వాళ్లకి నా నమస్కారం.

ఇరవై ప్రశ్నలు రాసుకున్నాను. బహుమతి ఐదు లీటర్ల కుక్కర్.

ఇంటర్ చదివే మా మేనల్లుడు చవితికని వచ్చి ఉన్నాడు. నా కాగితం చూసి, "మామయ్యా, ఏది కానన్ అనేది ముందే మైకులో చెప్పెయ్, లేకపోతే గొడవలవుతాయి" అన్నాడు. పక్కనే సీరియల్ బల్బులు సర్దుతున్న సెక్రటరీగారు "కానన్ ఎందుకు బాబూ, ఫొటోలు ఫోన్లో తీసేస్తాం" అన్నారు. కెమెరా కాదండీ అని వాడు మొదలుపెట్టాడు. కానన్ అంటే అసలు చర్చి వాళ్ల మాటట, ఏవి ప్రామాణిక గ్రంథాలో చెప్పే పట్టీ. దాన్ని రొనాల్డ్ నాక్స్ అనే ఆయన 1911లో సరదాకి షెర్లాక్ హోమ్స్ కథలకి తగిలించాడట, కోనన్ డాయల్ రాసిన నాలుగు నవలలూ యాభై ఆరు కథలే కానన్, మిగతావాళ్లు హోమ్స్ పేరు మీద ఎన్ని రాసినా అవి అభిమానుల ముచ్చటట. సెక్రటరీగారు అంతా విని "ఫోన్లోనే తీద్దాం" అన్నారు.

నేనూ వాడి మాట పట్టించుకోలేదు. భారతానికి కానన్ ఏమిటి, వ్యాసుడు రాశాడు, అయిపోయింది అనుకున్నాను.

ఆరు ప్రశ్నలు సాఫీగా నడిచాయి. ఏడో ప్రశ్న, అందరికీ వస్తుందని తేలికది వేశాను. అభిమన్యుడి భార్య ఎవరు?

మూడో అంతస్తు బామ్మగారు (బెల్లుకి బదులు పూజగంట ఇచ్చాం) గంట ఊడిపోయేలా వాయించి "శశిరేఖ!" అన్నారు. మండపమంతా చప్పట్లు. నేను మైకులో "తప్పండీ, ఉత్తర" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. బామ్మగారు కళ్లజోడు సవరించుకుని, "ఏం నాయనా, పెళ్లి నేను కళ్లారా చూశాను కదా" అన్నారు. ఎక్కడ చూశారండీ అంటే, బెజవాడలో, 1957లో, చిన్నప్పుడు, మూడుసార్లు.

అక్కడ ఆగి ఆవిడకో అర మార్కు పారేస్తే పోయేది. కానీ చేతిలో మైకుంది. వ్యాసభారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురే లేదండీ, అది జానపదుల కథ, వేరే చోట్ల ఆ పిల్లని వత్సల అంటారు, మనవాళ్లు శశిరేఖ అన్నారు, నాటకాలాడారు, ఆ తర్వాత మాయాబజార్ తీశారు అని చెప్పుకొచ్చాను. అంతటితో ఊరుకోకుండా, పెద్ద లాయర్‌లా, "విరాటపర్వంలో ఉత్తర పెళ్లికి బలరాముడు స్వయంగా వచ్చాడు, సొంత అల్లుడి రెండో పెళ్లికి ఏ మామగారైనా వచ్చి భోంచేస్తాడా?" అని అడిగాను.

"పెద్దమనిషి, మర్యాద కోసం వచ్చాడు" అన్నారు బామ్మగారు. మళ్లీ చప్పట్లు.

"అయినా ఎస్వీ రంగారావు అంతటివాడు అబద్ధం చెబుతాడా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ సినిమా రెండో సగమంతా ఆయన శశిరేఖ వేషంలో ఉండి చేసిన పని అదే కదండీ అని నేనంటే ఒక్కరూ నవ్వలేదు.

మేనల్లుడు నాకు సాయం చేద్దామని లేచాడు. స్టార్ వార్స్‌లో ల్యూక్ అనే హీరోకి నవలల్లో మారా జేడ్ అనే భార్య, బెన్ అనే కొడుకు ఉండేవాళ్లని, ఆ కంపెనీని 2012లో డిస్నీ కొనుక్కున్నాక, 2014 ఏప్రిల్‌లో ఒక ప్రకటన వచ్చి ఆ నవలలన్నిటికీ లెజెండ్స్ అని పేరు పెట్టి కానన్‌లోంచి తీసేశారని, శశిరేఖ కేసు కూడా అలాంటిదేనని చెప్పాడు.

బామ్మగారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో, పెళ్లాన్నీ పిల్లాణ్నీనా? ఏం తప్పు చేసిందని?"

"తప్పేం లేదు బామ్మగారూ. లెజెండ్స్‌లో పెట్టారంతే."

"అంటే పుట్టింటికి పంపేశారన్నమాట."

ఆడవాళ్లంతా ఒక్కసారిగా నా వైపు చూశారు. డిస్నీ చేసిన పనికి కూడా నేనే జవాబుదారీ అయ్యాను. మా ఆవిడ రెండో వరసలోంచి కళ్లతోనే "చాలించండి" అంటోంది. ఒకాయన లేచి, "మరి మన తెలుగు భారతం మాటేమిటి మాస్టారూ? నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో ఆపేస్తే తిక్కనగారు విరాటపర్వం నుంచి అందుకున్నారు. మధ్యలో మిగిలింది ఎర్రనగారు పూర్తిచేసి, దాదాపు మూడొందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు. దాన్ని ఏ పెట్టెలో పెడతారు?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఈయన్నే క్విజ్ మాస్టర్‌గా వేసుంటే నా ప్రాణం సుఖంగా ఉండేది. మేనల్లుడు "అది అఫీషియల్ సీక్వెల్ అంకుల్" అని ఆయన్ని కూర్చోబెట్టాడు.

నేను దొరికిందే సందని పుణె ఎత్తుకున్నాను. భండార్కర్ సంస్థ వాళ్లు 1919లో మొదలుపెట్టి 1259 రాతప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చి, 1966కి భారతం పరిష్కృత ప్రతి పూర్తి చేశారు, తర్వాత వచ్చి చేరినవి అనుకున్నవాటిని అడుగునో అనుబంధంలోనో వేశారు, అలా వెళ్లినవి ఎన్నో ఉన్నాయి అన్నాను. ఉదాహరణ చెబితే బాగుంటుందనిపించింది. నాకు బాగా గుర్తున్నది ఒకటుంది.

"అంతెందుకండీ, వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు కూర్చుని రాశాడన్న కథ కూడా అసలు పాఠంలో లేదు, అనుబంధంలోకి పోయింది."

నేను నిలబడ్డది ఆయన పక్కనే. ఐదడుగుల మట్టి విగ్రహం. ఈ ఏడాది కొత్తగా ఉంటుందని కమిటీ వాళ్లు ఏరి కోరి తెచ్చిన మోడల్ అది, ఒడిలో తాటాకుల కట్ట, చేతిలో విరిగిన దంతం, రాస్తున్న భంగిమ. పైన బ్యానర్ మీద "భారత లేఖక గణపతి" అని అడుగు సైజు అక్షరాలు.

మైకు కీచుమంది. ఉండ్రాళ్లు తింటున్న పిల్లలు కూడా నమలడం ఆపారు. పంతులుగారు విగ్రహానికి చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు, నా తరఫునే అయ్యుంటుంది. "చవితి రాత్రి చంద్రుణ్ణి చూశాడేమో పాపం, అక్షింతలు వేసుకున్నాడా?" అని ఎవరో నెమ్మదిగా అంటుంటే, మా ఆవిడ "వేసుకున్నారండీ, నేనే వేశాను" అని వాళ్లకి సంజాయిషీ చెప్పుకుంటోంది. విగ్రహానికి ముప్పై రెండు వేలు పెట్టిన సెక్రటరీగారు నా దగ్గరికొచ్చి, మైకు చేత్తో మూసి, "మాస్టారూ, నిమజ్జనం ఇంకా రెండు రోజులుంది. అప్పటిదాకా ఈయన రాశాడనే ఉందాం" అన్నారు.

చివరికి మేనల్లుడే తీర్పు చెప్పాడు. ఉత్తర కానన్, శశిరేఖ లెజెండ్స్, ఇద్దరికీ చెరో అర మార్కు. దాంతో బామ్మగారి జట్టూ ఐదో అంతస్తు వాళ్ల జట్టూ సమానమయ్యారు. టై బ్రేకర్ కావాలి, నా కాగితంలో మిగిలిన ప్రశ్నలు అడిగే ధైర్యం నాకు లేదు.

"నేనడుగుతాను, నువ్వు చెప్పు నాయనా. నువ్వు చెబితే కుక్కర్ వాళ్లకి, చెప్పలేకపోతే మాకు" అన్నారు బామ్మగారు. ఐదో అంతస్తు వాళ్లు నా మీద నమ్మకంతో ఒప్పుకున్నారు. పాపం.

"మాయాబజార్‌లో పాండవులు ఎంతమంది కనపడతారు?"

ఇదేం ప్రశ్నండీ, ఐదుగురూ అన్నాను.

"ఒక్కడూ కనపడడు" అన్నారు బామ్మగారు. ఫోన్లు బయటికి తీశారు. నిజంగానే ఒక్కడూ కనపడడట. భారతం కథ, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, పాండవులే లేరని నాకెప్పుడూ తట్టలేదు.

కుక్కర్ మూడో అంతస్తుకి వెళ్లింది. నిన్న లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో వచ్చే ఏడాది పోటీల పట్టీ అప్పుడే అంటించారు. భారతం క్విజ్ అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో "జవాబులు సినిమాల ప్రకారం" అని, క్విజ్ మాస్టర్ దగ్గర బామ్మగారి పేరు. నేను పోటీకి పేరిచ్చాను. రాత్రి కృష్ణార్జున యుద్ధం పెట్టుకుని కూర్చున్నాను, వ్యాసభారతంలో ఇది కూడా లేదు, మా ఆవిడ వినపడకుండా ఉండాలని టీవీ సౌండ్ పెంచింది.