రేసు దర్శనానికి వెళ్ళే భక్తులకు కొన్ని సూచనలు

నేను మోటార్ రేసింగ్ నిపుణుణ్ణి. ఊరికే అనట్లేదు, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే వెయ్యి రూపాయల టికెట్ కొనుక్కుని మరీ ఎండలో కూర్చున్నాను, ఆ రేసు మన ఊళ్ళో మళ్ళీ జరగలేదు కాబట్టి నన్ను మించిన అనుభవం సంపాదించే ఛాన్స్ ఇంతవరకు ఎవరికీ రాలేదు. అందుకని రేపు సింగపూరో అబుదాబియో పోయి ఫార్ములా వన్ చూద్దామనుకునే మన పిల్లలకి, లేదా 2024లో చెన్నైలో పెట్టినట్టు మళ్ళీ ఎక్కడన్నా ఊరి రోడ్ల మీద రేసు పెడితే బ్యాగ్ సర్దుకునే అభిమానులకి, నాలుగు ముక్కలు చెప్పడం నా బాధ్యత అనిపించింది.

అసలు ముక్క ఒక్కటే. రేసుకి వెళ్ళేటప్పుడు తిరుమల వెళ్తున్నట్టు వెళ్ళండి. నవ్వకండి, లెక్క చూడండి. తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో గంటలు గంటలు కూర్చుంటాం, కాళ్ళు పీకుతాయి, పిల్లలు ఏడుస్తారు, పక్కవాళ్ళు పులిహోర పొట్లం విప్పుతారు, తీరా స్వామి ఎదురుగా వచ్చేసరికి "జరగండి జరగండి" అని భుజమ్మీద ఓ చెయ్యి పడుతుంది, కళ్ళు తెరిచామో మూశామో కూడా గుర్తుండదు, బయటికొచ్చి మాత్రం దర్శనం అద్భుతంగా అయిందండీ అంటాం. రేసూ అంతే. ఒక ల్యాపు తిరిగి రావడానికి కారుకి నిమిషంపావు పడుతుంది, అందులో మన స్టాండ్ ముందు కనపడేది మూడు సెకన్లు. 30 పైచిలుకు ల్యాపులు వేసుకోండి, మీ అభిమాన డ్రైవర్ని మొత్తంగా ఒకటిన్నర నిమిషం చూస్తారు, అది కూడా హెల్మెట్‌ని. సెకనుకి పదకొండు రూపాయలు పడింది నాకు. ఈ లెక్క స్టాండ్‌లో కూర్చునే వేశాను, 22 కార్లూ వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేదాకా ఖాళీయే కదా మరి.

కాబట్టి ప్రపంచంలో ఎవరికీ లేని ట్రైనింగ్ మనకి పుట్టుకతోనే ఉంది. దీన్ని వాడుకోండి.

ముందు చేరుకోవడం సంగతి. ట్రాక్ అంటే ఊరి బయట ఎక్కడో కట్టింది కాదు, ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్క్, సెక్రటేరియట్, ఐమాక్స్ పక్క రోడ్లు, అన్నీ కలిపి 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. ఊరి నడిబొడ్డున ఆ రోడ్లు మూసేస్తే మిగతా ఊరంతా పార్కింగే. రేసు కార్లు గంటకి 320 కిలోమీటర్ల దాకా పోగలవట, మేం లక్డీకాపూల్ నుంచి ఖైరతాబాద్ రావడానికి పట్టిన టైం చెప్తే ఆ ఇంజనీర్లు ఏడుస్తారు. ఆటో అన్న మధ్యలోనే బ్రేకేసి "అన్నా, ఇగ ముంగట అంత బందే, ఈడనే దిగుర్రి" అన్నాడు. దిగాం. నాతో వచ్చింది మా బామ్మర్ది. వాడు టికెట్ ఫోన్లో చూసి ఆరో గేటు అన్నాడు, సరే అని ఎండలో నడిచీ నడిచీ ఆరో గేటు దగ్గరికి పోతే అక్కడున్నాయన టికెట్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"బావా, తిట్టకు. ఫోన్ తలకిందులుగా పట్టుకున్నా. తొమ్మిది అది."

అప్పటికి ట్రాక్ పొడవుకంటే ఎక్కువే నడిచేశాం మేము. మా ల్యాప్ టైం గంటా పది నిమిషాలు, అధికారికంగా ఎవరూ నమోదు చేయలేదు.

సామాన్ల విషయానికొస్తే నీళ్ళు, టోపీ, సన్‌స్క్రీన్ ఇవన్నీ మీకు తెలుసు. ఇయర్ ప్లగ్స్ గురించి చెప్పాలి. రేసు కార్ల సౌండ్‌కి చెవులు పోతాయని మా బామ్మర్ది ఎక్కడో చదివాడు, ఇద్దరికీ నారింజ రంగువి రెండు జతలు తెచ్చాడు, మొదటి కారు వచ్చే టైంకి మేమిద్దరం చెవుల్లో కుక్కుకుని దవడలు బిగించి కూర్చున్నాం. కార్లు వెళ్ళిపోయాయి. వెళ్ళిపోయాయని ముందువరుస వాళ్ళు లేచి అరిస్తే తెలిసింది. ఎలక్ట్రిక్ కార్లు కదండీ అవి. ప్లగ్స్ తీసి విన్నాక అర్థమైంది, పక్కింట్లో కొబ్బరి పచ్చడికి మిక్సీ మూడో నంబర్ మీద తిప్పితే ఎలా ఉంటుందో అలా, ఇరవై రెండు ఇళ్ళల్లో ఒకేసారి తిప్పినట్టు. పెట్రోల్ రేసు గర్జన కోసం వెళ్ళినవాళ్ళు కొంచెం నిరాశపడ్డారు గానీ నాకు మాత్రం ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నంత హాయిగా అనిపించింది.

తరగతుల గురించి కూడా తెలుసుకోవాలి. మాది సర్వదర్శనం. పైన లక్షా పాతిక వేల లౌంజ్ ఉంది, అది బ్రేక్ దర్శనం, అక్కడ ఏసీ ఉంటుంది, భోజనం ఉంటుంది, ట్రాక్ వైపు చూడకపోయినా ఎవరూ ఏమనరు. సచిన్ వచ్చాడు, రామ్ చరణ్ వచ్చాడు, ఆనంద్ మహీంద్రా వచ్చాడు. చరణ్ వచ్చాడన్న వార్త మా స్టాండ్‌కి చేరగానే సగం మంది ట్రాక్‌కి వీపు పెట్టి ఫోన్లు పైకెత్తారు, వెనకాల గంటకి రెండొందల కిలోమీటర్ల వేగంతో కార్లు పోతున్నాయి, పాపం వాటిని ఎవరూ పట్టించుకోలేదు. దీన్ని తప్పు పట్టకండి. చరణ్ కదలకుండా నుంచున్నాడు, మూడు సెకన్లకంటే ఎక్కువే కనపడ్డాడు.

రూల్స్ అర్థం కావని భయపడేవాళ్ళకి ఒక మాట, ఈ రేసు రూల్స్ అన్నీ మన ఇంట్లోవే. అటాక్ మోడ్ అని ఒకటుంది, డ్రైవర్ మంచి లైన్ వదిలేసి పక్కన గీసిన గీతల మీదుగా పోతే కాసేపు ఎక్స్‌ట్రా పవర్ ఇస్తారు. ఫుట్‌పాత్ ఎక్కితే ముందుకి పోతామన్న సత్యం అమీర్‌పేటలో బండి నడిపే ప్రతి మనిషికీ తెలుసు, వీళ్ళు దాన్ని ఇప్పుడు కనిపెట్టి పేరు పెట్టారు. ఇంకోటి, అందరికీ చార్జింగ్ ఇచ్చేది కొలిచి ఇస్తారు, ఆ రోజు రేసులో మధ్యలో పెట్టుకోడానికి లేదు, మొత్తం వాడే కరెంట్‌లో దాదాపు 40 శాతం బ్రేకులు వేసేటప్పుడు కారే తిరిగి రాబట్టుకుంటుంది, అందుకని ఎవడెంత గట్టిగా తొక్కాడన్నదానికంటే ఎవడు ఎక్కడ కాలు తీశాడన్నది ముఖ్యం. మా నాన్న చేతక్ స్కూటర్ దిగుడు రాగానే ఇంజన్ ఆపేసేవాడు, పెట్రోల్ మిగిలిందని రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పేవాడు. ఆయన్ని మేం పిసినారి అనుకున్నాం, ఫ్రాన్స్‌లో పుట్టుంటే రేసర్ అయ్యేవాడు. ఎందుకంటే ఆ రోజు గెలిచిన ఫ్రాన్స్ డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్ చేసిందీ అదే, చివరి ల్యాపుల్లో వెనకాల నిక్ క్యాసిడీ అంటుకుని వస్తున్నాడు, వెర్న్ దగ్గర చార్జింగ్ అతనికంటే తక్కువ, అయినా ఒక్కొక్క మలుపులో కొంచెం కొంచెం పొదుపు చేసుకుంటూ దారివ్వకుండా తెచ్చేశాడు. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడాడని పెనాల్టీ పడింది. శాంక్షన్ లోడ్ దాటితే అంతే మరి, మా అపార్ట్‌మెంట్‌లో రెండో ఏసీ పెట్టినాయనకీ ఇదే జరిగింది. ఆ మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకి వెళ్ళింది, అది అతని నూరో రేసు కూడాను.

ఒక యాక్సిడెంట్ కూడా అయింది. జాగ్వార్ టీమ్‌కి రెండు కార్లు, అందులో మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు స్టార్ట్ చేసినవాడు, ఆ టీమ్ రెండో డ్రైవర్ శామ్ బర్డ్ హెయిర్‌పిన్ మలుపులో వచ్చి సొంత టీమ్ కారునే గుద్దాడు. మా స్టాండ్ నుంచి అది కనపడలేదు, ఎక్కడో "ఓ" అన్నారు, మేమూ "ఓ" అన్నాం, స్క్రీన్ వైపు చూస్తే నా ముందాయన కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని ఉన్నాడు, ఆ పిల్లాడి చేతిలో జెండా. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్నట్టు ఉందని పక్కాయన నాకు వర్ణించి చెప్పాడు. ఆయనకీ కనపడలేదని తర్వాత తెలిసింది.

ట్రాక్ మీదకి రాకూడనివి వచ్చినా కంగారుపడకండి. 2011లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు మొట్టమొదటి ఫార్ములా వన్ మొదలైతే, మొదటి ప్రాక్టీస్‌లోనే ఒక కుక్క ట్రాక్ ఎక్కింది, సెషన్ ఆపారు. దానికి టికెట్ లేదు, క్యూ లేదు, ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు చూసింది. 2011 నుంచి 2013 దాకా అక్కడ రేసు జరిగిన మూడేళ్ళూ సెబాస్టియన్ వెటెల్ అనే డ్రైవర్ ఒక్కడే గెలిచాడు గానీ ట్రాక్‌ని పూర్తిగా అనుభవించింది మాత్రం ఆ కుక్కే అని నా అభిప్రాయం.

మధ్యలో బోరు కొడితే సాగర్‌లో బుద్ధుణ్ణి చూడండి. 1990లో పడవ మీంచి నీళ్ళలో పడిపోయి 1992 దాకా అడుగునే ఉన్న విగ్రహం అది, వెయిటింగ్ అంటే ఏంటో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. చెయ్యెత్తి ఉంటాడు, అభయం అంటారు గానీ ఆ రోజు నాకు మాత్రం "జరగండి" అన్నట్టే కనపడింది.

రేసు అయిపోయింది, జనంతో పాటు ఖైరతాబాద్ మెట్రో వైపు నడుస్తున్నాం, అత్తయ్య ఫోన్ చేసింది. బామ్మర్ది ఫోన్ ఎప్పుడో చచ్చిపోయింది, పవర్ బ్యాంక్ లోపలికి రానివ్వరేమో అని వాడు ఇంట్లోనే పెట్టొచ్చాడు, ఇన్ని బ్యాటరీల మధ్య చార్జింగ్ లేక చచ్చిన ఫోన్ అదొక్కటే అయ్యుంటుంది. నాది నాలుగు శాతంలో ఉంది.

"ఎవరు గెలిచారు బాబూ?" అంది.

నేను బామ్మర్ది వైపు చూశాను, వాడు నా వైపు చూశాడు.

"నల్ల కారు, బంగారు రంగు గీతలున్నది, ఆ గడ్డం అబ్బాయి," అంది అత్తయ్య, "టీవీలో మొత్తం చూశాను, భలే పొదుపుగా నడిపాడయ్యా. మీరే ఎక్కడా కనపళ్ళేదు."

దర్శనం అద్భుతంగా అయిందని చెప్పి పెట్టేశాను.

వచ్చే ఏడాది కొంచెం పెద్ద టికెట్ తీసుకుందాం బావా అని మెట్రోలో నిలబడి ప్లాన్ వేశాడు మా వాడు. 2024 ఫిబ్రవరిలో జరగాల్సింది, ఈలోపు ప్రభుత్వం మారింది, జనవరిలో రేసు రద్దయింది, ఆ ఏడాది డిసెంబర్లో చెల్లింపుల మీద ఏసీబీ కేసు పెట్టింది. దాని గురించి నాకేం అభిప్రాయం లేదు, నేను రేసింగ్ నిపుణుణ్ణి మాత్రమే. ఇయర్ ప్లగ్స్ మాత్రం వృథా పోలేదు. నేను పొద్దున్నే చట్నీకి మిక్సీ వేస్తానని మా ఆవిడ రాత్రే పెట్టుకుని పడుకుంటోంది.