గేట్లు తీసే ముందు నంబర్ ప్లేట్ల సంగతి చూడండి
టోల్ ప్లాజాల్లో గేట్లు తీసేసి, బండి అద్దానికి అంటించే ఫాస్టాగ్ ట్యాగు, నంబర్ ప్లేటు చదివే కెమెరాలతోనే డబ్బు వసూలు చేస్తారన్న వార్త చదివి చాలా సంతోషమేసింది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసినా, సంక్రాంతికి హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు తీరుతూనే ఉన్నాయి. ముందున్న కారు ట్యాగులో బ్యాలెన్స్ లేకపోతే చాలు, సిబ్బంది చేతి మెషిన్ పట్టుకొని వస్తారు, ఈలోపు వెనక లేన్ మొత్తం ఆగిపోతుంది. సింగపూర్‌లో 1998 నుంచే బండి ఆగకుండా డబ్బు కట్ అవుతోంది. ఇక్కడా సాధ్యమే. కానీ మట్టి కొట్టుకుపోయిన ప్లేట్లు, వంకర అక్షరాల ప్లేట్లు కెమెరాకి ఎలా అందుతాయి? ఒకరి నంబర్ తప్పు చదివి ఇంకొకరి ఖాతాలో కోస్తే, ఆ డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వేస్తారో ముందే రాసివ్వాలి.