గట్టిగా ఊపిరి పీలిస్తే కణితి కరుగుతుందా?

క్యాన్సర్ కణాలు ఆక్సిజన్‌లో బతకలేవనీ, ఈ సంగతి కనుగొన్నందుకే జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ బహుమతి వచ్చిందనీ, పడుకునే ముందు గట్టిగా ఊపిరి పీల్చి బిగబడితే నిద్ర పట్టడమే కాక కణితి కూడా కరుగుతుందనీ, ఇక మందులతో పని లేదనీ చెప్పే సందేశం వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. కీమో రోజుల్లో కంటి మీద కునుకు లేనివారు దీన్ని ఆశతో చదువుతారు కనుక, ఇందులోని ప్రతి మాటనూ పరీక్షించడం అవసరం.

వార్‌బర్గ్‌కు నోబెల్ వచ్చింది కణాల శ్వాసక్రియకు తోడ్పడే ఎంజైము స్వభావాన్నీ, అది పనిచేసే తీరునూ కనుగొన్నందుకు. క్యాన్సర్‌పై కూడా ఆయన పరిశోధించిన మాట నిజమే. అయితే ఆయన గమనించినది సందేశానికి పూర్తిగా విరుద్ధం: ఆక్సిజన్ అందుతున్నప్పటికీ క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుని, దాన్ని పులియబెట్టి శక్తి పొందుతాయి. అంటే ఆక్సిజన్ ఉన్నచోట అవి నిక్షేపంగా బతుకుతాయి. గ్లూకోజును పోలిన రేడియోధార్మిక పదార్థాన్ని ఎక్కించి తీసే పెట్ స్కాన్‌లో చాలా కణితులు వెలుగుతూ కనిపించడానికి కారణం ఈ గ్లూకోజు ఆకలే.

ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో ఆక్సిజన్ స్థాయి మామూలు శ్వాసతోనే 95 శాతం దాటి ఉంటుంది. గట్టిగా పీల్చినా అదనంగా చేరేది స్వల్పం. కణితి లోపల ఆక్సిజన్ తగ్గేది అక్కడి రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరగడం వల్లనే తప్ప రోగి శ్వాసలో లోపం వల్ల కాదు.

నిద్ర గురించిన మాటలో మాత్రం కొంత సత్యం ఉంది. నిమిషానికి ఆరేడు సార్లు మాత్రమే, గాలిని లోపలికి పీల్చిన దానికన్నా ఎక్కువసేపు బయటికి వదులుతూ నెమ్మదిగా శ్వాసిస్తే గుండె వేగం తగ్గి, శరీరం విశ్రాంతికి సిద్ధమవుతుంది. పాదాల నుంచి ముఖం దాకా ఒక్కో కండరాన్నీ కాసేపు బిగించి వదిలే పద్ధతి, అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ రూపొందించినది, ఆందోళనతో నిద్ర పట్టనివారికి ఉపకరిస్తుంది. వ్యాధి ఎముకలకు పాకినవారు, కొత్తగా శస్త్రచికిత్స జరిగినవారు కండరాలు బిగించడానికీ, కపాలభాతి వంటివి చేయడానికీ ముందు వైద్యులను అడగాలి. ఊపిరి బిగబట్టడం నిద్రకు అవసరమే లేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మందులు అక్కరలేదన్న మాట. వాంతులు రాకుండా కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ నిద్రను చెడగొట్టగలదు. దాన్ని సొంతంగా మానేయకుండా, ఉదయం పూట వేసుకోవచ్చా అని వైద్యులను అడిగితే చాలాసార్లు దారి దొరుకుతుంది. నొప్పి వల్లనో, హార్మోన్ చికిత్స తెచ్చే వేడి ఆవిర్ల వల్లనో మెలకువ వస్తుంటే ముందు వాటికి చికిత్స జరగాలి. నిద్రలేమి వారాల తరబడి సాగితే, నిద్రకు సంబంధించిన అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే ప్రవర్తనా చికిత్సను అన్నిటికన్నా ముందు ప్రయత్నించాల్సిన చికిత్సగా వైద్య సంఘాలు సిఫారసు చేస్తున్నాయి. పడుకోగానే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తే మాత్రం శ్వాస అభ్యాసాలతో సరిపెట్టుకోకుండా ఆ రాత్రే ఆసుపత్రిని సంప్రదించాలి.