ముందు బ్రేకు వదులు చేయించకండి

బడులు తెరిచే రోజుల్లో వాట్సాప్‌లో ఒక సలహా తెగ తిరుగుతోంది. పిల్లల సైకిలుకు ముందు బ్రేకు వదులు చేయించాలట, లేకపోతే బోర్లా పడతారట. బ్రేకు కీచుమంటే రబ్బరు మీద నూనె చుక్క వేయాలట. పట్టకపోతే వైరు బిగిస్తే చాలట. మూడూ నమ్మొద్దు.

బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనకది తేలికవుతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా అది జారుతుందే గానీ సైకిలు తొందరగా ఆగదు. బండిని ఆపేది ముఖ్యంగా ముందు బ్రేకే. ఒక్కసారిగా గట్టిగా నొక్కితే బోర్లా పడే మాట నిజమే. అందుకు పిల్లలకు నేర్పాలి: రెండు బ్రేకులూ కలిపి మెల్లగా మొదలుపెట్టి బిగించడం, ఒళ్లు కాస్త వెనక్కి జరపడం, ఇసుకలో, మలుపులో ముందుదాన్ని సుతారంగా వాడటం.

మా అమ్మాయి సైకిలుకు ఒక షాపులో మేం అడక్కుండానే ముందు వైరు వదులు చేసి ఇచ్చారు. లివరు హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా రబ్బరు రిమ్మును తాకలేదు. ఆ సంగతి పిల్లకు మా వీధి వాలులో దిగుతుంటే తెలిసింది. గోడకు కాలు ఆనించి ఆపుకుంది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ.

నూనె మాటైతే మరీ ఘోరం. రబ్బరు రిమ్మును పట్టేదే రాపిడితో. నూనె పీల్చిన రబ్బరును ఎంత తుడిచినా లాభం లేదు, మార్చాల్సిందే. కీచుమంటే రబ్బరును ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. అందులో గుచ్చుకున్న లోహపు ముక్కల్ని పిన్నుతో తీయండి. రిమ్మును స్పిరిట్‌తో తుడవండి. అయినా అరిస్తే, రబ్బరు వెనక కొసకూ రిమ్ముకూ మధ్య మందపాటి అట్టముక్క పెట్టి, లివరు నొక్కి పట్టుకుని నట్టు బిగించండి. అట్ట తీశాక ముందు కొస ఒక మిల్లీమీటరు ముందే తాకుతుంది.

ఇక వైరు. దాన్ని ముట్టుకునే ముందు రబ్బరు ఎక్కడ ఆనుతోందో చూడండి. పైకుంటే టైరును కోసేస్తుంది, కిందికుంటే స్పోకుల వైపు జారుతుంది. చక్రం సొట్టగా ఉంటే ఎంత బిగించినా ఒకచోట రాసుకుంటుంది, ఇంకోచోట పట్టదు. అవి సరిచేశాకే వైరు. రెండు పక్కలా 1–2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. వి-బ్రేకులో, అంటే రిమ్ముకు రెండు పక్కలా రబ్బర్లను పట్టుకునే రెండు నిలువు చేతులుండే రకంలో, ఒక పక్కే రాసుకుంటే, ఆ పక్క చేతికున్న చిన్న స్క్రూను గడియారం తిరిగే వైపు కొద్దికొద్దిగా తిప్పితే అది దూరం జరుగుతుంది.

చివరగా నేల మీద నిలబడి, ముందు లివరు నొక్కి సైకిలును ముందుకు తోయండి. వెనక చక్రం పైకి లేస్తే బ్రేకు పట్టినట్టే.