అడుగున ముద్ర కన్నా పైన గుంటలు నయం: చైనా ఎనామిల్ కథ

చైనా వాళ్లు రాగి మీద ఎనామిల్, అంటే కరిగించిన రంగు గాజు, పోసి చేసే సామాన్లని జింగ్‌తైలాన్ అంటారు, అంటే జింగ్‌తై నీలం. జింగ్‌తై అనేది మింగ్ వంశపు చక్రవర్తి ఒకాయన ఏలుబడి పేరు, 1450 నుంచి 1457 దాకా, గట్టిగా ఏడేళ్లు. 1449లో అన్నని మంగోలులు పట్టుకుపోతే తమ్ముడు గద్దెక్కాడు, చివరికి అదే అన్న వచ్చి ఇతన్ని దింపేశాడు. ఇంత గొడవలో ఉన్నోడి పేరు మొత్తం కళకే వచ్చింది.

అసలు తమాషా ఏంటంటే, ఇంతకన్నా ముందరి షువాన్‌దె ఏలుబడి (1426-1435) పేరు ముద్రతోనే మంచి సామాన్లు ఉన్నాయి. జింగ్‌తై ముద్ర ఉన్నవాటిలో చాలా భాగం తర్వాతి కాలంలో ముద్ర కొట్టినవే. కొన్నిటికైతే పాత కూజాల ముక్కలు అతికించి, కొత్త మూతి కొత్త అడుగు పెట్టి మరీ ముద్ర వేశారు. దీన్ని ఉత్త మోసం అనడం నాకిష్టం లేదు, కొనేవాడికి రాజు పేరు కావాలి, అమ్మేవాడు ఇచ్చాడు, అంతే.

పోనీ పుట్టుకైనా చైనాదా అంటే అదీ కాదు, పడమటి నుంచి వచ్చిన విద్య. 1388లో త్సావ్ ఝావ్ అనే ఆయన తన పుస్తకంలో దీన్ని అరబ్బుల సరుకు కింద రాసి, ఆడవాళ్ల గదుల్లోకి పనికొస్తుంది గానీ పండితుడి బల్ల మీదకి కాదని తీసిపారేశాడు. తర్వాత 1450ల్లో అదే పుస్తకాన్ని పెంచి రాసిన వాంగ్ జువో మాత్రం, రాజభవనంలో చేసినవి నునుపుగా ముచ్చటగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. డెబ్బై ఏళ్లలో రుచి మారిపోయింది, మరి రాజుగారి ఇంట్లో చేరాక ఎవరు కాదంటారు!

పని చూస్తే మాత్రం ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తుంది. రాగి రేకుని కొట్టి కూజా ఆకారం తీస్తారు, సన్నటి రాగి తీగని పట్టకారుతో వంచి పువ్వులు, తీగలు, మేఘాలు చేసి, ఒక మొక్క దుంప జిగురుతో అంటించి, టంకం పొడి చల్లి కొలిమిలో పెడతారు. తర్వాత ఆ తీగల మధ్య చిన్న చిన్న గళ్లలో రంగు గాజు పొడిని నీళ్లతో కలిపి నింపుతారు. ఎనిమిది వందల డిగ్రీల దగ్గర్లో కాలిస్తే గాజు కరిగి కుంగిపోతుంది, అందుకని మళ్లీ నింపి మళ్లీ కాల్చాలి, ఇలా మూడు నాలుగు సార్లు. ఆ తర్వాత రాయితో అరగదీసి, తీగలకి బంగారు పూత. మన ఇళ్లలో అంచు పెచ్చూడిన ఎనామిల్ పళ్లెం చూశారా, అదీ లోహం మీద గాజే, కాకపోతే తీగా లేదు, ఓపికా లేదు.

1716లో కాంగ్‌షీ చక్రవర్తికి యూరప్ వాళ్లలా ఎనామిల్ మీద కుంచెతో బొమ్మలేయించాలని మోజు పుట్టి, ఇటలీ నుంచొచ్చిన క్రైస్తవ మతప్రచారకులు రిపా, కాస్టిగ్లియోనేలకి ఆ పని చెప్పాడు. వాళ్లు కావాలనే చెత్తగా వేసి తప్పించుకున్నారట, రిపాయే రాసుకున్నాడు.

ఇరవయ్యో శతాబ్దం సగానికి ఈ పని చచ్చిపోయే దశకొచ్చింది. ఆర్కిటెక్ట్ లిన్ హుయియిన్ జబ్బుతో ఉండి కూడా కొత్త డిజైన్లు గీయించింది, 1956లో బీజింగ్‌లో నలభైకి పైగా చిన్న వర్క్‌షాపుల్ని కలిపి ఫ్యాక్టరీ పెట్టారు. బతికింది గానీ, ఆ తర్వాత టూరిస్టుల కోసం చేసిన చేతి గాజులు, కూజాలు చూస్తే నాకు విసుగే. ఇప్పుడైతే కాల్చకుండా, గాజు బదులు ప్లాస్టిక్ లాంటి రెసిన్ పోసి కూడా అదే పేరుతో అమ్ముతున్నారు.

అందుకే నాకు మింగ్ సామాన్ల మీద కనిపించే సూదిమొన గుంటలంటే ఇష్టం. గాజులో గాలి బుడగలు పగిలి, అరగదీసినప్పుడు బయటపడ్డ లోపాలు అవి.