పెట్టె మీద 8కె, గాల్లో గోవిందా

మానవజాతి కనిపెట్టిన వస్తువుల్లో స్టిక్కరుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు. మొదటి కెమెరా డ్రోన్ కొనబోయేవాడి కళ్లెదుట అది చేసే అద్భుతం చూసి కూడా పండితలోకం నోరు మెదపకపోవడం విచారకరం. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బొమ్మ, దాని ముక్కు దగ్గర చొక్కా గుండీలో సగం ఉండే కెమెరా. పెట్టె మీద బంగారు రంగులో 'అల్ట్రా హెచ్‌డీ 8కె ప్రొఫెషనల్' అని ఒక్కటి అంటించగానే ఆ కెమెరా ఎదిగిపోతుంది. సెన్సర్ మార్చక్కర్లేదు, లెన్సు మార్చక్కర్లేదు. జిగురు చాలు.

ఈ జిగురుశాస్త్రం లెక్క ఏమిటో చూద్దాం. ఇలాంటి బొమ్మల్లో కెమెరా నిజంగా తీసేది చాలాసార్లు 720పి. అంటే అడ్డంగా 1280, నిలువుగా 720, మొత్తం 9.2 లక్షల పిక్సెళ్లు. 8కె అంటే 7680 అడ్డం, 4320 నిలువు, మొత్తం 3.3 కోట్లు. అటు ఆరు రెట్లు, ఇటు ఆరు రెట్లు. అంటే ప్రతి 36 పిక్సెళ్లలో ఒక్కటే సాక్షి, మిగతా 35 వదంతులు. బొమ్మను సాగదీసి ఖాళీలు పూరించే ఈ పనికి ఇంటర్‌పొలేషన్ అని పేరుంది. ఫైలు లావెక్కుతుంది, చెట్టుకు ఆకు మాత్రం రాదు.

పట్టుకోవడం కష్టం కాదు. నిజమైన 4కె డ్రోన్లు సెకనుకు 100 మెగాబిట్లు, కొన్ని అంతకన్నా ఎక్కువే రాస్తాయి. ఆ వేగంతో నిమిషం వీడియో సుమారు 750 మెగాబైట్లు. '4కె' అని చెప్పుకునే నిమిషం క్లిప్పు 30 మెగాబైట్లే ఉందంటే సెకనుకు 4 మెగాబిట్లన్నమాట. దాన్ని 4కె అనడానికి గుండెధైర్యం కావాలి, అది అమ్మేవాళ్ల దగ్గర పుష్కలంగా ఉంది. ఇంకో గుర్తు: డ్రోన్‌లో మెమరీ కార్డు పెట్టే చోటూ లేదు, లోపల స్టోరేజీ కూడా లేదు. అంటే వీడియో వైఫై మీద ఫోనుకు కొట్టుకొచ్చి అక్కడ రికార్డవుతుంది. దారిలో జారిపోయిన ఫ్రేములన్నీ మీ వీడియోలో శాశ్వతంగా జారిపోయే ఉంటాయి.

తర్వాతి అద్భుతం 'ఈఎస్‌సీ కెమెరా'. కొత్తవాడు దీన్ని గింబల్, అంటే కెమెరాను కుదుపు లేకుండా తిన్నగా పట్టే అమరిక, అనుకుంటాడు. అనుకోవాలనే ఆ పేరు. రిమోట్‌తో కెమెరాను పైకీ కిందికీ వంచడం తప్ప దానికి వేరే విద్య రాదు. డ్రోన్ ముందుకు పోవాలంటే ముక్కు కిందికి దించాలి, ఆగాలంటే ఎత్తాలి. గాలి తగిలితే పక్కకు ఒరుగుతుంది. ఇన్ని వంకర్లలోనూ కెమెరాను తిన్నగా ఉంచడానికి మూడు చిన్న మోటర్లు కావాలి, మూడు దిక్కుల వంపుకూ ఒక్కొక్కటి. అదీ 3-యాక్సిస్ మెకానికల్ గింబల్. వివరాల పట్టికలో సరిగ్గా ఆ మాట ఉందేమో చూడండి, కెమెరా రబ్బరు బుడిపెల మీద వేలాడుతోందేమో ఫొటోలో చూడండి. సాఫ్ట్‌వేర్‌తో కుదుపు తీసేస్తామనేవాళ్లు ఫ్రేము అంచులు కోసి సర్దుతారు. సాయంత్రం వెలుతురులో వచ్చే మసకను ఏ కత్తెరా కోయలేదు. గింబల్ ఉన్న 1080పి ముందు గింబల్ లేని 4కె దండగ.

'75 నిమిషాల ఎగిరే సమయం' గురించి ఎక్కువ చెప్పను. పెట్టెలో మూడు బ్యాటరీలుంటాయి, కూడండి. పేరున్న కంపెనీలవాళ్లు రాసే 34 నిమిషాలు కూడా గాలి లేనిచోట, బ్యాటరీ అడుగంటేదాకా లెక్కపెట్టినవే. 30 శాతం దగ్గర వెనక్కి తిప్పే బుద్ధిమంతుడికి పాతిక నిమిషాల లోపే దక్కుతుంది.

ఇక అసలు కళాఖండం, 'వన్ కీ రిటర్న్'. రిమోట్ మీద ఇంటి బొమ్మ ఉన్న బటన్. నొక్కితే డ్రోన్ ఇంటికొస్తుందట. జీపీఎస్ లేని డ్రోన్‌కు ఇల్లెక్కడో ఎవరు చెప్పారని అడక్కండి, భక్తి సన్నగిల్లుతుంది. దానికి తెలిసింది ఒక్కటే: లేచినప్పుడు తన ముక్కు ఎటుందో. బటన్ నొక్కితే దానికి ఎదురుదిక్కులో బయల్దేరుతుంది. యజమాని మైదానంలో నిలబడి బటన్ నొక్కుతాడు. డ్రోన్ వినయంగా వెనక్కి మళ్లుతుంది. వస్తోంది, వస్తోంది, యజమాని మొహం వెలిగిపోతోంది, చేతులు చాపాడు. అది తలమీదుగా దాటింది. పోతూనే ఉంది. తనకు చెప్పినట్టే చేస్తోంది కదా, 'వెనక్కి' పొమ్మన్నారు, పోతోంది. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు. యజమాని కాసేపు నడిచాడు, తర్వాత పరుగు, తర్వాత చెప్పులు చేతిలో పట్టుకుని పరుగు. ఫోనులో యాప్ ప్రశాంతంగా 'రిటర్నింగ్' అంటోంది. చెట్లు దాటింది. వైఫై తెగింది. చివరగా తెరమీద నిలిచిపోయిన ఫ్రేములో యజమాని నడినెత్తి కనిపిస్తుంది, 8కెలో.

నవ్వులాట ఇక్కడికి చాలు. ఆ డ్రోన్ రోడ్డు మీదికి పోవచ్చు, బడి ఆవరణలో దిగవచ్చు. నాలుగు రెక్కలు నిమిషానికి వేలసార్లు తిరుగుతున్న వస్తువది, పసివాడి కంటికి తగిలితే? ఆ బటన్ మీద ఇంటి బొమ్మ ముద్రించినవాడికి తెలుసు, దానికి ఇల్లు తెలియదని. తెలిసే ముద్రించాడు. వేరే కెమెరాతో తీసిన కొండల వీడియోను దీని వీడియోగా చూపించి 'బిగినర్లకు బెస్ట్' అని పళ్లికిలించినవాడికీ తెలుసు. ఇది అబద్ధం కూడా కాదు, మోసం.

నిజంగా ఇంటికి రావడం ఎలాగో చెబుతాను. డ్రోన్‌కు జీపీఎస్ ఉండాలి. కావలసినన్ని ఉపగ్రహాలు దొరికి, హోమ్ పాయింట్, అంటే తిరిగి రావాల్సిన చోటు, నమోదైందని యాప్ చెప్పేదాకా నేల వదలకూడదు. తొందరపడి ముందే లేపితే, తర్వాత గాల్లో ఎక్కడ సిగ్నల్ దొరికితే అదే ఇల్లనుకుంటుంది, అది చెరువు మధ్య కావచ్చు. తిరిగొచ్చే ఎత్తును చుట్టూ ఉన్న అతి పొడవైన చెట్టుకన్నా పైన పెట్టాలి, లేకపోతే నేరుగా కొమ్మల్లోకే వస్తుంది. ఇనప కమ్మీలున్న కాంక్రీటు మీంచి లేపితే దిక్సూచి తికమకపడుతుంది.

కొనాల్సింది ఏమిటంటారా? 249 గ్రాముల తరగతి చూడండి, చాలా దేశాల్లో 250 గ్రాముల దగ్గర నిబంధనలు మారతాయి కాబట్టే కంపెనీలు ఆ ఒక్క గ్రాము కోసం అంత తంటాలు పడ్డాయి. డీజేఐ కంపెనీ మినీ వరుస ఆ తరగతిదే. కొన్ని మోడళ్లకు పెద్ద బ్యాటరీ తగిలిస్తే బరువు గీత దాటుతుంది, జాగ్రత్త. ఎగరడం నేర్చుకుంటే చాలనుకుంటే టెల్లోలాంటి 80 గ్రాముల బొమ్మ నయం, వీడియో 720పి అని అది తన నోటితోనే ఒప్పుకుంటుంది. కెమెరా డ్రోన్‌కైతే బ్రష్‌లెస్ (లోపల రాసుకునే బ్రష్‌లు లేని) మోటర్లే తీసుకోండి, బ్రష్ ఉన్నవి కొన్ని గంటలకే అరిగిపోతాయి. విడి రెక్కలు దొరకని మోడల్ ఎంత అందంగా ఉన్నా వద్దు. మూడు బ్యాటరీలు, వి30 గుర్తున్న (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగల) మెమరీ కార్డు ఒకటి. ఇంకేమీ వద్దు, బ్యాగు కూడా.

స్విచ్ వేసేముందు గింబల్ తొడుగు తీయండి, తీయకపోతే పాపం ఆ మూడు మోటర్లూ గోడతో కుస్తీ పడతాయి. రెక్కలు రెండు రకాలు, గుర్తులు చూసి బిగించాలి, తారుమారైతే లేస్తూనే బోర్లా పడుతుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి. గాలివాటుగా హాయిగా దూరం పోయి, సగం బ్యాటరీతో ఎదురుగాలిలో తిరిగొద్దామనుకున్నవాళ్ల డ్రోన్లు పొలాల్లో దొరుకుతుంటాయి, అదీ దొరికితే.

మొదటి బ్యాటరీ అంతా రెండు మీటర్ల ఎత్తులోనే, ముక్కు అవతలికి పెట్టి, కదలకుండా నిలపడమే పని. రెండోది చతురస్రాకారంలో తిప్పడానికి. ముక్కు మీవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి, అది వేళ్లకు అలవాటయ్యేదాకా గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పే జోలికి పోవద్దు. చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు 'ఇంతేనా పైకి పోయేది?' అని అడుగుతారు. ఇంతే అని చెప్పి మూడో బ్యాటరీ పెట్టండి.